ఫర్లోలో (మిషనరీల సెలవులో) 5 వారాల రోడ్డు ప్రయాణం: చర్చి సంఘాలకు ఎన్ని రోజులు, పాత స్నేహితులకు ఎన్ని రోజులు?

కొండమీద_కుటుంబం:

అందరికీ వందనాలు. మాది పశ్చిమ గోదావరి. 2011 జూన్‌లో పెళ్ళైన ఏడాదికే నేనూ నా భార్యా ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకి మిషనరీలుగా వెళ్ళాం, అప్పటి నుంచి అక్కడే ఉన్నాం. ఆవిడ నర్సు, నేను పిల్లలకు దేశియా భాషలో చదవడం రాయడం నేర్పే పని చూస్తాను. ముగ్గురు పిల్లలు: పెద్దమ్మాయికి 13, బాబుకి 9, చిన్నదానికి 5. నాలుగేళ్ళ తర్వాత ఇప్పుడు ఫర్లో దొరికింది. మే 3న మా పాత బొలెరోలో బయల్దేరి సాలూరు, విజయనగరం, రాజమండ్రి, పాలకొల్లు, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, అక్కడి నుంచి హైదరాబాదు, మెదక్ చూసుకుని వెనక్కి రావాలని ప్లాన్. మొత్తం 5 వారాలు.

సమస్య ఏంటంటే ఇప్పటికే 17 సంఘాలు రమ్మని అడిగాయి. పోయినసారి ఇలాగే ఎవరికీ కాదనలేక 23 రోజుల్లో 19 చోట్లకి వెళ్ళాం. పగలంతా ప్రయాణం, సాయంత్రం ప్రార్థన కూటం, రాత్రి భోజనాలు, తెల్లారితే మళ్ళీ సామాను సర్దుడు. ఒక ఊళ్ళో రాత్రి పదిన్నరకి నిద్రలో ఉన్న బాబుని లేపి స్టేజి మీద ఒరియా పాట పాడించారు. వాడు పాడాడు, దిగి వచ్చి నా భుజం మీద వాంతి చేసుకున్నాడు. నెల్లూరు చేరేసరికి వాడికి జ్వరం 103. మలేరియా ఏరియా నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి రక్తపరీక్ష వచ్చేదాకా మాకు ప్రాణం ప్రాణంలో లేదు. దేవుని దయవల్ల మలేరియా కాదు, వట్టి అలసట.

ఇంకో విషయం కూడా రాయాలి, అసలు ఇది అడగడానికే ఈ పోస్ట్. పాలకొల్లులో నా చిన్ననాటి స్నేహితుడు ఉన్నాడు. ఇంటర్ నుంచి ఒకే బెంచీ. మేము కోరాపుట్ వెళ్ళిన రోజు వాళ్ళమ్మగారు నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీలో పులిహోర, పెరుగన్నం, వంకాయ కూర, ఆవకాయ పెట్టి రైలు దగ్గరికి తెచ్చి ఇచ్చారు. ఒక్కో గిన్నె మీదా వాళ్ళాయన పేరు చెక్కించి ఉంటుంది. ఆ క్యారేజీ ఇప్పటికీ మా వంటగదిలోనే ఉంది. పోయినసారి వాళ్ళింట్లో ఉన్నది 40 నిమిషాలు. ఆవిడ వడలకి పప్పు నానబెట్టారు, గ్రైండర్‌లో వేసే లోపే మేము లేచిపోయాం, భీమవరంలో కూటం ఉందని. గుమ్మం దాకా వచ్చి ఏమీ అనలేదు, చిన్నదాని చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టారు.

పోయిన సంవత్సరం ఆవిడకి పక్షవాతం వచ్చింది, మాట సరిగా రావడం లేదట. ఈసారి పాలకొల్లులో 4 రోజులు ఉండాలని నాకుంది. మా ప్రోగ్రాములు చూసే బ్రదర్ మాత్రం ఆ 4 రోజుల్లో మూడు సంఘాలు అవుతాయి కదా అన్నయ్యా అంటున్నారు. ఆయన తప్పేమీ లేదు, మాకు నెలనెలా వచ్చే కానుకల్లో కొంత ఆ చుట్టుపక్కల సంఘాల నుంచే వస్తుంది. స్నేహితుడి ఇంట్లో నాలుగు రోజులు తిని కూర్చున్నారు అనుకుంటారేమోనని టెన్షన్.

మీలో ఇలా తిరిగినవాళ్ళు, ఇంట్లో మిషనరీలకు బస ఇచ్చినవాళ్ళు, ఘాట్ రోడ్లు తెలిసినవాళ్ళు ఎవరైనా సరే, మీరైతే ఎలా చేసేవారో చెప్పండి. మే నెల ఎండల్లో పిల్లలతో ప్రయాణం గురించి కూడా.

---

బస్తర్_అమ్మ:

బాబూ, వందనాలు. మేము 26 ఏళ్ళు జగదల్‌పూర్ వైపు ఉండి వచ్చాం, మీ పక్క జిల్లాయే అనుకో. ఇప్పుడు రిటైరై కాకినాడలో ఉంటున్నాం. నీ పోస్ట్ చదివి మా ఆయనకి పైకి చదివి వినిపించాను, ఆయన కాసేపు మాట్లాడలేదు.

నేను సూటిగా చెబుతాను. ముందు కాలెండర్‌లో పాలకొల్లు 4 రోజులు పెన్నుతో రాసుకో, పెన్సిల్‌తో కాదు. మిగిలిన రోజులు సంఘాలకి పంచు. మేము ఎప్పుడూ తలకిందులుగా చేశాం, సంఘాలన్నీ అయ్యాక రోజులు మిగిలితే స్నేహితులు అనుకునేవాళ్ళం. రోజులు ఎప్పుడూ మిగలవు. మా ఆయన స్నేహితుడు ఒకాయన తునిలో ఉండేవారు, హైవే నుంచి ఆటోలో పది నిమిషాలు. ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు, వచ్చేసారి దిగుదాం, వచ్చేసారి దిగుదాం అనుకుంటూ. చివరికి దిగింది ఆయన భూస్థాపనకి. ఆ ఇంట్లో గోడకి మేము పంపిన ప్రార్థన ఉత్తరాలన్నీ తీగకి గుచ్చి వేలాడదీసి ఉన్నాయి, పాతికేళ్ళవి, వరుసగా. మా ఆయన వాటి ముందు నిలబడిపోయారు.

యోహాను మూడో పత్రిక చివర చూడు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి గానీ సిరాతో కలంతో రాయడం ఇష్టం లేదు, త్వరలో వచ్చి ముఖాముఖిగా మాట్లాడుకుందాం అంటాడు ఆయన. పౌలు కూడా రోమా వాళ్ళకి రాసేటప్పుడు స్పెయిన్‌కి వెళ్తూ మిమ్మల్ని చూసి, మీ సహవాసంతో కొంత తృప్తిపడి ముందుకి సాగుతాను అన్నాడు. స్నేహితుల్ని చూడటం పని మధ్యలో దొంగతనంగా తీసుకునే సెలవు కాదు బాబూ.

సంఘాల సంగతికొస్తే, ఆదివారాలు 5 ఉన్నాయి, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకున్నా పది అవుతాయి. వారం మధ్యలో ఒక్క కూటం చాలు. దగ్గర దగ్గర ఊళ్ళవాళ్ళని ఒకచోట కలవమని అడగండి, అడిగితే ఒప్పుకుంటారు, మనమే అడగం. రాత్రి 8:30 తర్వాత పిల్లలు స్టేజి మీదకి రారని ముందే, ఉత్తరం రాసేటప్పుడే, రాసేయండి. అక్కడికి వెళ్ళాక మొహం మీద చెప్పాలంటే మొహమాటం అడ్డొస్తుంది.

మీ ఆవిడని కూడా అడిగావా ఆమె ఎవర్ని చూడాలనుకుంటోందో? పోస్ట్ అంతా నీ స్నేహితుడి గురించే ఉంది.

---

హాస్టల్_పిల్ల:

అన్నయ్యా, నేను మిషనరీల కూతుర్ని. ఇప్పుడు 29, హైదరాబాదులో ఉద్యోగం. మా అమ్మానాన్నలు ఇప్పటికీ ఫీల్డ్‌లోనే ఉన్నారు, కాబట్టి ఇది ఎవరి మీదా కోపంతో రాయడం లేదు. పిల్లల వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మమ్మల్ని ప్రతి ఊళ్ళో ముందు నిలబెట్టి "ఈ పిల్లలు అన్నీ త్యాగం చేశారు" అని పరిచయం చేసేవాళ్ళు. నాకు అప్పుడు పదేళ్ళు. మేమేం త్యాగం చేశామో నాకు అర్థమయ్యేది కాదు, మా ఊరు నాకు ఇష్టం, వాగు ఉండేది, మేకపిల్ల ఉండేది. వాళ్ళు అలా అన్నాకే మా ఇల్లు తక్కువదేమో అని మొదటిసారి అనిపించింది. దయచేసి పాస్టర్ గారికి ముందే చెప్పండి, అలా పరిచయం చేయొద్దని.

తెలుగు చదవడం గురించి. మీ పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం సరిగా రాకపోవచ్చు. సండే స్కూల్లో బైబిల్ చేతికిచ్చి వచనం చదవమంటారు. నేను యెషయా పుస్తకం ఎక్కడుందో వెతికినట్టు నటిస్తూ అలా నిలబడిపోయాను, వెనక పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి ఫర్లో అంటే కడుపునొప్పి వచ్చేది. ఇది కూడా ముందే చెప్పి పెట్టండి. చదవడానికి వాళ్ళంతట వాళ్ళు ముందుకొస్తే సరే.

ఎవరి దిండు వాళ్ళకి ఉండనివ్వండి, ఐదు వారాలూ అదే దిండు. రోజుకో మంచం మారుతున్నప్పుడు అదొక్కటే సొంతది. మూడు రోజులకొకసారి ఏమీ లేని రోజు ఒకటి ఉండాలి, కూటం లేకుండా, చుట్టాలు రాకుండా. మీ పెద్దమ్మాయికి 13 అన్నారు కదా, తనకి కలవాలనుకునే స్నేహితురాలు ఎవరైనా ఉన్నారేమో విడిగా అడగండి. మా నాన్న ఎప్పుడూ అడగలేదు, అడిగి ఉంటే నేను విజయనగరంలో ఒక పేరు చెప్పేదాన్ని.

మీరు మెదక్ వెళ్తున్నారు కాబట్టి ఇది రాయాలనిపించింది. ఒక ఫర్లోలో నాన్న మమ్మల్ని మెదక్ చర్చికి తీసుకెళ్ళారు, ప్రోగ్రాం లేదు, ఊరికే చూడటానికి. కరువు రోజుల్లో పోస్నెట్ అనే మిషనరీ దొర జనానికి పనీ తిండీ చూపించి కట్టించిన గుడి అని, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారని నాన్న చెప్పారు. గోపురం 175 అడుగులు. లోపల రంగు అద్దాల మీద ఎండ పడి నేల మీద ఎర్రగా నీలంగా మరకలు పడుతుంటే తమ్ముడు వాటి మీద కాళ్ళు పెట్టుకుంటూ నడిచాడు. తర్వాత బయట చెట్టుకింద కూర్చుని నిమ్మకాయ పులిహోర తిన్నాం. ఎవరూ నాన్నని సాక్ష్యం చెప్పమనలేదు. ఫర్లోలన్నిటిలో నాకు బాగా గుర్తున్నది ఆ మధ్యాహ్నమే.

---

సాలూరు_స్టీరింగ్:

బ్రదర్, నేను చర్చి విషయాలు చెప్పలేను, రోడ్డు విషయం చెబుతాను. 18 ఏళ్ళుగా సాలూరు–కోరాపుట్ లారీ తోలుతున్నాను.

తెల్లవారుజామున 5కి బయల్దేరండి. సునాబేడ, సిమిలిగుడ, పొట్టంగి దాటి సుంకి ఘాట్‌కి ఎండ ఎక్కకముందే వచ్చేయాలి. దిగేటప్పుడు క్లచ్ నొక్కి న్యూట్రల్‌లో వదలొద్దు, డీజిల్ మిగులుతుందని చాలామంది చేస్తారు, అదే ప్రాణాల మీదకి వస్తుంది. రెండో గేర్‌లో ఇంజిన్ బిగువు మీదే దిగండి, బ్రేకు తొక్కి పట్టుకోకుండా తొక్కి వదలండి. కాలిన వాసన వస్తే వెడల్పు ఉన్నచోట ఆపి అరగంట చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్ళు పోయొద్దు. బండి పాతది అన్నారు కాబట్టి బయల్దేరే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి, ప్యాడ్లు చూపించండి. మే నెలలో కొండల మీద సాయంత్రం పూట గాలివాన పడుతుంది, తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం రెండింటి లోపు ఘాట్ ఎక్కేలా చూసుకోండి.

వాంతులయ్యే పిల్లాడిని ముందు సీట్లో వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చోబెడతారు చాలామంది, వద్దు. వెనక మధ్యలో, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనపడేలా, బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. ఫోన్ ఇవ్వొద్దు. ఖాళీ కడుపుతో వద్దు, పూరీలూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు.

సాలూరు లారీల ఊరు, బండి పని ఏదైనా అక్కడ చేస్తారు, ఏ అనుమానం ఉన్నా అక్కడే చూపించుకోండి, కింద హైవే ఎక్కాక ఆపడం కష్టం. రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం. అక్కడి నుంచి వైజాగ్ సిటీలోకి పోవద్దు. ఆనందపురం దగ్గర హైవే ఎక్కి సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్ళిపోండి, ఆ రోడ్డు ఆరు లైన్లు చేశారు. పాలకొల్లుకి రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన అవతల ఎడమకి తిరిగి మార్టేరు మీదుగా.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. గుంటూరు, ఒంగోలు వైపు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బండి తీయొద్దు. టైర్లు కూడా ఆ ఎండకే పేలతాయి.

---

గుంటూరు_వంటిల్లు:

తమ్ముడూ, మా ఇంట్లో మిషనరీ కుటుంబాలకి బస ఇవ్వడం మా మామగారి రోజుల నుంచీ ఉంది. అమ్మగారు పైన రాసింది చాలావరకు నిజం, ఒక్క విషయంలో మాత్రం నాకు వేరే మాట ఉంది.

సంఘాలని తగ్గించుకోండి, కానీ చిన్నవాటిని తగ్గించకండి. పెద్ద సంఘానికి మీరు రాకపోతే ఇంకో బోధకుడు వస్తాడు. పల్లెల్లో పాకలాంటి గుళ్ళో ఒక ముసలమ్మ ఉంటుంది, పింఛను డబ్బుల్లోంచి నెలకి వంద రూపాయలు కవర్లో పెట్టి మీ పేరు రాయించి వేస్తుంది. మీ కుటుంబం ఫోటో గోడకి అంటించుకుని రోజూ పిల్లల పేర్లు పెట్టి ప్రార్థన చేస్తుంది. ఆవిడ మీకు పాత స్నేహితురాలు కాదా? మీకు ఆవిడ తెలియకపోవచ్చు, ఆవిడకి మీరు తెలుసు. మా ఊళ్ళో అలాంటావిడ ఒకామె మూడు సంవత్సరాలు ఒక కుటుంబం కోసం చూసి చూసి పోయింది. ఆ కుటుంబం గుంటూరు దాకా వచ్చి, ఇరవై కిలోమీటర్లు రాలేకపోయింది.

ఇక బస ఇచ్చేవాళ్ళ తరఫున. వచ్చే ముందు పిల్లలు ఏం తింటారో చెప్పండి, "ఏదైనా తింటారు అక్కా" అనకండి, కారం తినలేని పిల్లలకి గుంటూరు వంట పెట్టి ఏడిపించాను ఒకసారి. మీ మురికి బట్టలు మూటగట్టి దాచుకోకండి, రాగానే మిషన్లో వేయండి. చీరలూ స్వీట్లూ తేవొద్దు. మాకు రిపోర్టు అక్కర్లేదు, అది ఉత్తరంలో చదివాం. మీ ఆవిడ వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతూ, అక్కడ రాత్రిపూట కరెంటు పోతే ఎలా ఉంటుందో, పురుడు పోసేటప్పుడు భయమేస్తుందో లేదో చెబితే అది కావాలి మాకు. ఒక చెల్లెలు అలాగే తరుగుతూ తరుగుతూ కత్తిపీట పక్కన పెట్టి ఏడ్చింది. నాలుగేళ్ళుగా తెలుగులో ఎవరి దగ్గరా ఏడవలేదు అక్కా అంది. రెండో రోజు రాత్రి అది. మొదటి రోజు అందరూ బాగానే ఉన్నాం అంటారు. అందుకే ఒక్క రాత్రి బస చాలదు అంటాను నేను.

స్నేహితుడి ఇంట్లో కూర్చున్నారు అనుకుంటారేమో అని రాశావు. అనుకునేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. ఫాదర్ హయ్యర్ అనే అమెరికా మిషనరీ 1842లో గుంటూరు వచ్చాడు, అమెరికా వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, ఆఖరికి 1869లో 76 ఏళ్ళ వయసులో మూడోసారి ఓడెక్కి రాజమండ్రి పని చేయి జారిపోకుండా నిలబెట్టడానికి వచ్చాడు. ఆ వయసులో మనిషిని అంత దూరం రప్పించింది ప్రోగ్రాం షీటు కాదని నేను నమ్ముతాను, ఇక్కడి మనుషుల మీద ప్రేమే.

ఒంగోలులో ఆగినప్పుడు పిల్లల్ని తెల్లవారుజామున ప్రార్థనా కొండ ఎక్కించండి, ఎండ రాకముందు. 1854 జనవరి 1న మిషనరీలైన జూయెట్ దంపతులూ మరో ముగ్గురూ, మొత్తం ఐదుగురే అక్కడ ప్రార్థన చేశారు. అంతకుముందే అమెరికాలో వాళ్ళ మిషనరీ సొసైటీ ఈ పని మూసేద్దామా అని మాట్లాడుకుంది. 24 ఏళ్ళకి, గొప్ప కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలంలో క్లౌ దొర లాంటి మిషనరీలు ఎద్దుబండి మీద గుడారం వేసుకుని ఊరూరా రోజుల తరబడి ఉండేవాళ్ళు. ఒక ఊళ్ళో దిగితే ఆ ఊరి నీళ్ళు తాగి, ఆ ఊరి చెట్టుకింద పడుకునేవాళ్ళు. మనకి బండ్లు వేగంగా పోతున్నాయి కాబట్టి రోజుకి మూడు ఊళ్ళు పెట్టుకుంటున్నాం.

గుంటూరులో మా ఇంటికి రండి. మూడు రాత్రులకి తక్కువైతే ఒప్పుకోను.

---

కొండమీద_కుటుంబం:

అందరికీ పేరుపేరునా వందనాలు. రెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఇక్కడ నెట్ సరిగా లేదు.

అమ్మగారూ, మీ చివరి మాట చదివి నా భార్య వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. అడిగాను. నర్సింగ్‌లో తనతో చదివిన స్నేహితురాలు సామర్లకోటలో ఉందట. 14 ఏళ్ళలో ఆ పేరు నా దగ్గర మూడుసార్లు చెప్పిందట, నాకు గుర్తు లేదు. సామర్లకోట రెండు రాత్రులు రాసేశాం, పెన్నుతోనే.

పెద్దమ్మాయిని విడిగా అడిగాను. ఎవర్నీ కలవక్కర్లేదు నాన్నా, సముద్రం దగ్గర ఒక పూట కూర్చోవాలి, ఎవరూ నన్ను పాడమనకూడదు అంది. దానికి ఒక సాయంత్రం ఖాళీ పెట్టాం. దిండ్లు సర్దుకున్నారు, చిన్నది రెండు కావాలంటోంది, సరే అన్నాను.

ప్రోగ్రాములు చూసే బ్రదర్‌తో గంటసేపు మాట్లాడాను. కోపపడతారనుకున్నాను, ఆయన కూడా తన పిల్లల గురించి చెప్పుకొచ్చారు. 17 సంఘాలు 11 అయ్యాయి. గుంటూరు అక్క చెప్పినట్టు తీసేసినవి ఎక్కువగా టౌన్లలో పెద్దవే, వాటికి వీడియో పంపుతాం. పాలకొల్లు దగ్గర మూడు సంఘాల్లో రెండు పల్లె సంఘాలు శనివారం సాయంత్రం ఒకేచోట కలుస్తామన్నాయి, 8:30కి ముగిస్తామని పాస్టర్ గారే అన్నారు. నాలుగు రోజులూ మాత్రం స్నేహితుడి ఇంట్లోనే.

నిన్న రాత్రి వాడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఫోన్ వాళ్ళమ్మగారి చెవి దగ్గర పెట్టాడు. అమ్మా నేను వస్తున్నాను, మీ క్యారేజీ తెస్తున్నాను అన్నాను. మాట స్పష్టంగా రాలేదు గానీ ఏదో అడిగారు, రెండుసార్లు. వాడు ఫోన్ తీసుకుని, "పిల్లలకి వడలు ఇష్టమేనా అని అడుగుతోందిరా" అన్నాడు.

క్యారేజీ ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. నా భార్య చింతపండుతో తోమి ఎండలో పెట్టింది. ఒక గిన్నెలో ఇక్కడి కాలాజీరా బియ్యం, ఒకదాంట్లో కోరాపుట్ కాఫీ పొడి, ఒకదాంట్లో చోడిపిండి (రాగిపిండి). ఇక్కడ మాండియా పేజ్ అంటారు, చోడి అంబలే, ఆవిడ ఇప్పుడు మెత్తనివే మింగగలుగుతున్నారట కాబట్టి మా ఆవిడే కాచి తాగిస్తానంటోంది. నాలుగో గిన్నెలో ఏం పెట్టాలో పిల్లలు ఇంకా తేల్చలేదు.

---

సాలూరు_స్టీరింగ్:

మంచిది బ్రదర్. బ్రేక్ ఆయిల్ మార్పించారా లేదా, అది రాయలేదు.

---

కొండమీద_కుటుంబం:

రేపు పొద్దున్నే సిమిలిగుడలో మార్పిస్తున్నాను అన్నా. స్టెప్నీ కూడా అరిగిపోయింది, అదీ చూస్తాను. 3వ తేదీ సాలూరు దిగాక ఇక్కడ రాస్తాను.